ఇంట్లోనే స్పానిష్ – 4వ పాఠం: లోతెరీయా ఆటతో ఎల్, లా

పోయిన పాఠంలో పలకరింపులు నేర్చుకున్నాం. పొద్దున ‘బ్వేనోస్ దీయాస్’, మధ్యాహ్నం నుంచి ‘బ్వేనాస్ తార్దెస్’, రాత్రి ‘బ్వేనాస్ నోచెస్’. పొద్దున బ్వేనోస్ అన్నది మధ్యాహ్నానికి బ్వేనాస్ ఎందుకైందో ఆలోచించమన్నాను. దీయా (రోజు) పుంలింగం. తార్దె, నోచె స్త్రీలింగం. అంతే కారణం. ‘దీయా చివర ఆ ఉంది కదా, అది స్త్రీలింగం కావాలిగా?’ అని మీకు అనుమానం వచ్చి ఉంటే చాలా మంచిది. ఈ వారం పని దాని మీదే.

తెలుగులో బల్ల, చెట్టు, చంద్రవంక అన్నీ ‘అది’. స్పానిష్‌లో వస్తువుకైనా లింగం తప్పదు. పుంలింగం ముందు ‘ఎల్’, స్త్రీలింగం ముందు ‘లా’ వస్తాయి. ఓతో ముగిస్తే ఎల్, ఆతో ముగిస్తే లా అన్నది చాలాసార్లు పనికొస్తుంది, కానీ అన్నిసార్లూ కాదు. హిందీ పరీక్షల్లో ఈ లింగాల దగ్గరే మార్కులు పోగొట్టుకున్నవాళ్లకి ఇప్పుడే టెన్షన్ మొదలై ఉంటుంది. హిందీ బాగా వచ్చినవాళ్లకి ఇంకో చిక్కు. హిందీలో చాంద్, హాథ్ రెండూ పుంలింగం. స్పానిష్‌లో చంద్రుడు ‘లా లూనా’, చెయ్యి ‘లా మానో’. ఆ లెక్కలు ఇక్కడికి తేకండి.

నా మాట వింటే నియమాల పట్టిక బట్టీ పట్టొద్దు. ఏ పదాన్నీ ఒంటరిగా నేర్చుకోవద్దు. ‘లూనా’ కాదు, ‘లా లూనా’ అనే నోటికి అలవాటు చేయండి. దీనికి మెక్సికోలో ఒక ఆట సిద్ధంగా ఉంది.

ఆ ఆట పేరు లోతెరీయా. ఇటలీలో పుట్టి, స్పెయిన్ మీదుగా 18వ శతాబ్దంలో మెక్సికో చేరింది. ఇవాళ అందరికీ తెలిసిన బొమ్మలు మాత్రం క్లెమెంతే జాక్ అనే ఫ్రెంచ్ వ్యాపారి 1887లో అచ్చువేయించిన పేకలోవి. మొత్తం 54 కార్డులు. మన తంబోలాలాగే ఒకరు పిలుస్తుంటే మిగతావాళ్లు తమ అట్ట మీద చూసుకుంటారు, కాకపోతే అంకెల బదులు బొమ్మలు. అట్టని ‘తాబ్లా’ అంటారు. దాని మీద నాలుగు వరుసల్లో 16 బొమ్మలుంటాయి. పిలిచే మనిషి ‘గ్రితోన్’, అంటే అరిచేవాడు. మనకు కావలసిన సంగతి ఏంటంటే, దాదాపు ప్రతి కార్డు మీదా బొమ్మ కింద పేరుతో పాటు ఎల్ లేదా లా కూడా అచ్చయి ఉంటుంది. గ్రితోన్ కూడా అలాగే పిలుస్తాడు.

పాత పేకలో జాతుల్ని మూసలో చూపించే బొమ్మలు ఒకటి రెండు ఉన్నాయి, తాగుబోతు కూడా ఉన్నాడు. కొన్న పేకతో పిల్లల్ని ఆడిస్తుంటే అవి తీసి పక్కన పెట్టండి. మనం మాత్రం కొనం, గీసుకుంటాం.

ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, వాటి అట్టను ఒకే సైజులో 16 ముక్కలు చేయండి. పైన మూలలో అంకె, మధ్యలో బొమ్మ, కింద ఎల్ లేదా లాతో కలిపి పేరు. ఎల్ కార్డుల అంచుకి ఒక రంగు, లా కార్డులకి ఇంకో రంగు వేస్తే కన్ను కూడా గుర్తుపెట్టుకుంటుంది. బొమ్మ బాగా రావాలని కూర్చోకండి, గీసినంతసేపూ పేరు పైకి అనడం ముఖ్యం. అచ్చు కార్డుల్లోంచే ఈ 16 ఎంచాను:

ఎల్ గాయో (కోడిపుంజు), ఎల్ సోల్ (సూర్యుడు), ఎల్ ఆర్బోల్ (చెట్టు), ఎల్ పాహరో (పిట్ట), ఎల్ తంబోర్ (డోలు), ఎల్ నొపాల్ (నాగజెముడు), ఎల్ పెస్కాదో (చేప), ఎల్ ఆర్పా (హార్ప్ వాద్యం).

లా లూనా (చంద్రుడు), లా రానా (కప్ప), లా ఎస్త్రేయా (నక్షత్రం), లా సందీయా (పుచ్చకాయ), లా కంపానా (గంట), లా రోసా (గులాబి), లా అరాన్యా (సాలీడు), లా మానో (చెయ్యి).

మానో ఓతో ముగిసినా లా తీసుకుంది, దీయాకి సరిగ్గా ఎదురు. ఆర్పా సంగతి ఇంకా తమాషా. అది నిజానికి స్త్రీలింగమే, బహువచనంలో ‘లాస్ ఆర్పాస్’ అంటారు. కానీ పదం మొదట్లోనే ‘ఆ’ని నొక్కి పలకాలి కాబట్టి ‘లా ఆర్పా’ అంటే రెండు ఆలు గుద్దుకుంటాయి. అందుకని ఏకవచనంలో ఎల్ అరువు తెచ్చుకుంటుంది. మరి అరాన్యా? అక్కడ నొక్కు మధ్యలో ఉన్న ‘రా’ మీద పడుతుంది. అందుకే లా అలాగే ఉండిపోయింది. చెట్టు (ఆర్బోల్) మాత్రం అచ్చమైన పుంలింగం, అరువు కాదు. ఈ మూడు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదవండి, నొక్కు తేడా చెవికి తెలుస్తుంది.

పలికేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంగ్లీషు అలవాటులో ‘టాంబోర్’, ‘పెస్కాడో’ అనేస్తాం. స్పానిష్‌లో మన ‘త’, ‘ద’లే, నాలుక పళ్లకి తగలాలి. అమెరికాలో బడిలో స్పానిష్ నేర్చుకుంటున్న మన పిల్లలకి ఇది ముందుగా చెప్పాల్సిన మాట. ఇంట్లో తెలుగు మాట్లాడే నాలుకకి ఇది కష్టమే కాదు.

ఇక ఆట. ఒక్కొక్కరు కాగితం మీద తొమ్మిది గళ్లు గీసి, 16లోంచి తొమ్మిది బొమ్మలు తమ ఇష్టం వచ్చిన వరుసలో వేసుకోవాలి. గుర్తు పెట్టడానికి మెక్సికోలో చిక్కుడు గింజలు వాడతారు, మనకి రాజ్మా గింజలు, చింతపిక్కలు ఏవైనా సరే. గ్రితోన్ కార్డులు కలిపి ‘కోర్రె ఇ సె బా!’ అని మొదలుపెట్టి ఒక్కొక్కటే పిలుస్తాడు. బొమ్మ ఉన్నవాళ్లు ‘తెంగో లా రానా’ (నా దగ్గర కప్ప ఉంది) అని పైకి అని గింజ పెట్టాలి. ఎల్, లా తారుమారైతే గింజ తీసేయాలి, ఈ ఒక్క నియమం నేను కలిపింది. ఇంకొక్క కార్డే మిగిలితే ‘మె ఫాల్తా ఊనా’. అడ్డంగానో నిలువుగానో ఒక వరుస నిండగానే ‘లోతెరీయా!’ అని అరవాలి. ఒక్కరే నేర్చుకుంటున్నవాళ్లు గ్రితోన్ గొంతును ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు దానితో ఆడొచ్చు.

మంచి గ్రితోన్ పేరు ఊరికే చెప్పడు, చిన్న పొడుపుతో పిలుస్తాడు. సూర్యుడికి ‘లా కొబీహా దె లోస్ పోబ్రెస్’, పేదవాళ్ల దుప్పటి. చంద్రుడికి ‘ఎల్ ఫరోల్ దె లోస్ ఎనమొరాదోస్’, ప్రేమికుల లాంతరు. నాగజెముడుకి చెప్పేది పండ్లు కాసినప్పుడే దాన్ని చూడ్డానికి వస్తారని, కలిమి ఉన్నప్పుడే గుర్తొచ్చే చుట్టాల మీద ఎత్తిపొడుపు. కప్పది నాకు అన్నిటికంటే ఇష్టం: ‘ఆల్ బేర్ ఆ లా బేర్దె రానా, కె బ్రింకో పెగో తు ఎర్మానా’. పచ్చ కప్పను చూసి మీ చెల్లి ఎంత గెంతు గెంతిందో అని. రానా, ఎర్మానా అంత్యప్రాస వింటే ఇక ‘ఎల్ రానా’ అనడం నోటికి రాదు.

వచ్చే పాఠానికి మీ వంటింట్లోంచి నాలుగు వస్తువుల పేర్లు డిక్షనరీలో వెతికి, ఎల్, లాతో సహా కొత్త కార్డులు గీయండి. ఒక్కదానికైనా పొడుపు తెలుగులోనే కట్టండి, స్పానిష్‌లోకి తర్వాత మారుద్దాం. పల్చటి రంగు కాగితాలు, కత్తెర కూడా సిద్ధం చేసుకోండి. మెక్సికో పండగలకి కట్టే పపెల్ పికాదో తోరణాలు కత్తిరిస్తూ రంగుల పేర్లు నేర్చుకుంటాం. ఎరుపుకి ‘రోహో’, ‘రోహా’ అని రెండు రూపాలున్నాయి. గులాబికి ఏది, చేపకి ఏది, హార్ప్‌కి ఏది? హార్ప్ దగ్గర తొందరపడకండి.