తల ముట్టనివ్వని బిడ్డకు ఈఈజీ, రక్త పరీక్ష: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

మాట ఆలస్యమైందనో, ఫిట్స్ అనుమానంతోనో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు డాక్టర్లు ఈఈజీ (మెదడు సంకేతాలను గీతలుగా తీసే పరీక్ష), వినికిడికి బెరా, రక్త పరీక్ష రాస్తుంటారు. తాకిడి, చప్పుడు, వాసన మామూలు కంటే ఎక్కువగా తగిలే పిల్లలకు ఈ మూడూ గండాలే. ములుగు నుంచో పరకాల నుంచో పొద్దున్నే బయల్దేరి హనుమకొండ దాకా వచ్చి, పరీక్ష కాకుండానే వెనక్కి పోయిన ఇంట్లో "మా వోడు మొండోడు" అన్న మాటే మిగులుతుంది. పని చెడింది మాత్రం చాలాసార్లు పరీక్ష గదిలోకి అడుగు పెట్టకముందే.

తల ముట్టనివ్వడు, టేపు చూస్తేనే అరుస్తాడు

ఈఈజీకి టెక్నీషియన్ ముందు కొలటేపుతో తల కొలుస్తారు. పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఆ చోట్లను గరుకు జెల్‌తో రుద్దుతారు. ఆ తర్వాత చల్లటి జిగురు పేస్టుతో సుమారు 20 ఎలక్ట్రోడ్లు (వైర్ల చివర ఉండే చిన్న బిళ్లలు) అంటిస్తారు. ఈ వైర్లలోంచి కరెంటు లోపలికి పోదు, మెదడు సంకేతాలను బయటికి చదవడమే వాటి పని. బిడ్డను కంగారు పెట్టేది నొప్పి కాదు, తల మీద మెల్లగా పాకే తాకిడి. ఇలాంటి పిల్లలు చాలామంది గట్టిగా, కదలకుండా ఆనించిన చేతిని ఓర్చుకుంటారు. అటూ ఇటూ పాకే వేలిని మాత్రం ఓర్చుకోలేరు. "మెల్లగా, మెల్లగా" అంటూ నిమిరితే గోల పెరిగేది అందుకే.

పది రోజులు చేతిలో ఉంటే ఇలా అలవాటు చేయండి.

- 1-2 రోజులు: రెండు అరచేతులు తలకు రెండు వైపులా గట్టిగా ఆనించి, పైకి వినపడేలా 10 లెక్కపెట్టి "అయిపాయె" అని వదలండి. రోజుకు మూడు నాలుగు సార్లు. బిడ్డ హాయిగా ఉన్నా పది దాటొద్దు. అన్నమాట ప్రకారం చెయ్యి తీస్తారన్న నమ్మకమే పరీక్ష రోజు పనికొస్తుంది.
- 3-4 రోజులు: దర్జీ టేపు. మొదట బొమ్మ తల, తర్వాత నాయనమ్మ తల, చివరికి బిడ్డ తల.
- 5-7 రోజులు: స్టిక్కర్ బొట్టుబిళ్లలు. నుదుటి మీద రెండు, తర్వాత చెవుల వెనక ఒక్కోటి, అలా ఆరు దాకా. జుట్టులో బిళ్ల నిలవదు కాబట్టి అక్కడ చల్లార్చిన గోధుమపిండి జావను దూదితో చిటికెడు అద్దండి. టూత్‌పేస్ట్ వాడొద్దు, చర్మం మండుతుంది.
- 8-10 రోజులు: మంకీ క్యాప్ గానీ, తలకు చుట్టిన చున్నీ గానీ. 5 నిమిషాలతో మొదలుపెట్టి 20 దాకా. ఎలక్ట్రోడ్లు ఊడకుండా చాలాచోట్ల పైన గాజుగుడ్డ చుడతారు, ఈ తర్ఫీదు దానికోసం.

ఒక మెట్టు దగ్గర బెదిరితే వెనక మెట్టుకు పోండి, రోజుల లెక్క కోసం ముందుకు తొయ్యొద్దు. మూడు రోజులే ఉంటే అరచేతులు, బొట్టుబిళ్లలు, టోపీ చాలు.

ఎలక్ట్రోడ్లు అంటుకోవు, పదేపదే ఊడతాయి

నూనె. మన ఇళ్లలో తలకు కొబ్బరినూనె పెట్టకుండా బిడ్డను ఊరు దాటించరు, చిక్కు అక్కడే. ముందురోజు సాయంత్రం షాంపూతో రెండుసార్లు తలంటండి. కండిషనర్ వద్దు. ఆ తర్వాత పరీక్ష అయ్యేదాకా నూనె ముట్టొద్దు. జడలు, పిన్నులు లేకుండా జుట్టు వదులుగా ఉంచాలి. గుండు చేయించిన తల అయితే టెక్నీషియన్‌కు ఇంకా సులువు.

గ్రాఫ్ నిండా పిచ్చిగీతలే, మళ్లీ రమ్మన్నారు

ఏడుపు, నమలడం, పళ్లు బిగించడం, వేలు చప్పరించడం, కళ్లు ఆర్పడం అన్నీ కండరాల గీతలుగా మెదడు గీతల మీద పడతాయి. ఊరుకోబెట్టడానికి పరీక్ష మధ్యలో బిస్కెట్ పెడితే ఆ కాసేపటి రికార్డు పనికిరాదు. తినిపించేదేదైనా వైర్లు పెట్టేటప్పుడే తినిపించండి, అది కూడా నిద్రమందు ఇవ్వని పరీక్ష అయితేనే. ఫోన్‌లో వీడియో చూపొచ్చా అని టెక్నీషియన్‌ను అడగండి. ఒప్పుకుంటే ఛార్జర్ తగిలించకుండా చూపండి. గోడ కరెంటు 50 హెర్ట్జ్ రొద కూడా గ్రాఫ్‌లోకి దూరుతుంది.

దారిలో నిద్రపోయాడు, మంచం మీద మేలుకున్నాడు

నిద్రలో తీసే ఈఈజీకి, బెరాకు ఇదే పెద్ద దెబ్బ. రాత్రి నిద్ర తగ్గించి తీసుకురమ్మంటారు, ఆటోలో ఇరవై నిమిషాల కునుకుతో ఆ కష్టమంతా పోతుంది. బండి నడిపేవాళ్లు కాకుండా ఇంకొకరు పక్కన కూర్చుని, కిటికీ తీసి, మాట్లాడిస్తూ రావాలి. దారిలో పాలసీసా ఇవ్వొద్దు. ఎన్ని గంటలు మేల్కొల్పాలో పరీక్ష చేసేవాళ్లను అడిగి రాసుకోండి. ఫిట్స్ ఉన్న బిడ్డకు నిద్ర తగ్గితే ఫిట్స్ రావొచ్చు, కాబట్టి ముందు డాక్టర్‌ను అడగాలి. ఫిట్స్ మందు డోసు మాత్రం డాక్టర్ చెబితే తప్ప ఆపొద్దు.

నిద్రమందు ఉమ్మేశాడు, లేదా తాగి ఇంకా ఎగురుతున్నాడు

ట్రైక్లోఫాస్ లాంటి సిరప్ చాలామంది పిల్లలకు రుచించదు. గ్లాసు పాలల్లో కలిపితే సగం మిగులుతుంది, ఎంత డోసు పోయిందో ఎవరికీ తెలియదు. సూది లేని సిరంజితో బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వేయండి. ఇంట్లో వారం ముందే అదే సిరంజితో మంచినీళ్లు తాగించి అలవాటు చేయండి. మందును ఇంటి దగ్గర ఇచ్చి బయల్దేరొద్దు. బరువు తూచి, డాక్టర్ చెప్పిన డోసు ఆసుపత్రిలోనే ఇవ్వాలి, ఊపిరి చూసేవాళ్లు పక్కన ఉండాలి. ఉమ్మేస్తే మీకై మీరు రెండో డోసు వేయొద్దు. కొందరు పిల్లలు ఈ మందుకు మత్తులోకి పోకుండా ఇంకా రేగుతారు. అంతకుముందు ఎప్పుడైనా అలా జరిగి ఉంటే ముందే చెప్పండి.

మత్తుకు ముందు ఖాళీ కడుపు లెక్క సాధారణంగా ఇలా ఉంటుంది: మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బాపాలు, ఆవుపాలు, ఇడ్లీ వంటివి 6 గంటల ముందు. మీ ఆసుపత్రి వేరేగా చెబితే అదే పాటించండి.

తిరుగు ప్రయాణంలో పైలం. మత్తులో ఉన్న బిడ్డను బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తేవద్దు. మెడ ముందుకు వాలితే శ్వాసదారి మూసుకుంటుంది. పూర్తిగా తెలివి వచ్చి, డాక్టర్ పంపాక, తల నిలబెట్టి పట్టుకునే వీలున్న బండిలో రండి.

సూది చూడగానే నలుగురు పట్టుకోవాల్సి వస్తోంది

"అల్లరి చేస్తే డాక్టర్ సాబ్‌తో సూది వేయిస్త" అని నెలల తరబడి భయపెట్టి, ఆ రోజు "ఏం గాదు" అంటే ఏ బిడ్డ నమ్ముతుంది? ఆ బెదిరింపు ఇవాళే మానేయండి. "చిటుక్కుమంటది, పది లెక్కపెడితే అయిపోతది" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

పడుకోబెట్టి అదిమితే పిల్లలు ఇంకా బెదురుతారు. బిడ్డను మీ ఛాతీకి ఆనించి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఒక చేత్తో వీపును గట్టిగా హత్తుకుని, బిడ్డ చేతిని మీ చంక కింద నుంచి వెనక్కి చాపి నర్సుకు ఇవ్వండి. స్పిరిట్ తడిగా ఉండగా గుచ్చితే మంట ఎక్కువ, అర నిమిషం ఆరనివ్వమని అడగండి. ఆ వాసనకు కక్కే పిల్లలుంటే ముక్కు దగ్గర వాళ్లకు ఇష్టమైన వాసన అద్దిన చేతిరుమాలు పట్టండి. లిడోకైన్, ప్రిలోకైన్ కలిపిన తిమ్మిరి క్రీము డాక్టర్ రాసిస్తే కనీసం గంట ముందు రాసి, పైన ప్లాస్టిక్ అతుకు వేయాలి. పది నిమిషాల ముందు రాస్తే ఏ ఉపయోగమూ లేదు. రాసిన చోట తెల్లబడితే కంగారు పడొద్దు. కానీ ఆ ప్లాస్టిక్ అతుకు పీకడమే కొందరికి సూది కంటే నరకం, కాబట్టి ఇంట్లో ఒకసారి వేసి చూడండి.

నరం దొరక్కపోవడానికి తరచూ కారణం నీళ్లు తాగకపోవడం. సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ డి లాంటి పరీక్షలకు మామూలుగా ఉపవాసం అక్కర్లేదు, అడిగి తెలుసుకుని నీళ్లు బాగా తాగించండి. సర్కారు ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద పీహెచ్‌సీల్లో, బస్తీ దవాఖానల్లో తీసిన రక్తం జిల్లా హబ్ ల్యాబ్‌కు వెళ్తుంది. మీ పరీక్ష అందులో ఉంటే వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రి రద్దీలో నిలబడే పని లేదు, ఊళ్లో తెలిసిన నర్సమ్మ చేతి మీదుగా అయిపోతుంది.

గేటు దగ్గరే నేల మీద పడి లేవనంటున్నాడు

ఫినాయిల్ వాసన, ట్యూబ్‌లైట్ల మినుకు, టోకెన్ నంబర్ల కేకలు ఒకేసారి మీద పడ్డాయి. ఒకరు లోపల టోకెన్ పట్టుకుని కూర్చోండి, ఇంకొకరు బిడ్డతో బయట చెట్టు కిందే ఉండి ఫోన్ రాగానే రండి. సోమవారం ఓపీ వద్దు. ముందే ఒకసారి ఊరికే తీసుకెళ్లి గది, కుర్చీ, బయటి తలుపు ఫోటో తీసుకోండి. ఆ మూడు ఫోటోలు వరసగా రోజూ చూపండి, చివర ఇల్లు ఫోటో ఉండాలి. టెక్నీషియన్‌కు సగం కాగితం మీద రాసివ్వండి: "గట్టిగా ఆనించి పట్టండి. నిమరకండి. ముట్టేముందు చెప్పండి."

ఇవన్నీ చేసినా బిడ్డ ఊపిరి ఆడనంతగా ఏడుస్తుంటే, పరీక్ష అత్యవసరం కాదని డాక్టర్ చెబితే ఆపేయండి. బలవంతంగా పట్టుకుని చేయిస్తే తర్వాతి పరీక్ష ఇంకా కష్టమవుతుంది. ఫిట్స్ ఆగకుండా వస్తున్నా, జ్వరంతో మత్తుగా ఉన్నా వాయిదా మాట ఎత్తొద్దు.

ఇంటికొచ్చాక జుట్టులో ఎండిన పేస్టును దువ్వెనతో లాగకండి. గోరువెచ్చని నీళ్లతో తడిపిన తువ్వాలు పది నిమిషాలు తలకు చుట్టి నానబెట్టండి, తర్వాత షాంపూ. ఇక నూనె పెట్టొచ్చు.