మొక్కలో ఏ రసాయనం ఉందో ల్యాబ్‌లో ఎలా తేల్చాలి? పసుపు కొమ్ముతో మొదలుపెడదాం

పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. సున్నం క్షారం. అది తగలగానే పసుపులోని కర్కుమిన్ ఎర్రబడుతుంది. మరి ఆ ఎరుపు చూసి ‘ఇందులో ఉన్నది కర్కుమినే’ అని రాసేయొచ్చా? రాయకూడదు. పసుపులో డీమెథాక్సీ కర్కుమిన్, బిస్‌డీమెథాక్సీ కర్కుమిన్ అని ఇంకో రెండు పదార్థాలుంటాయి, అవీ అలాగే ఎర్రబడతాయి. రంగు పరీక్ష ఇంటిపేరు చెబుతుంది, మనిషి పేరు చెప్పదు. విశాఖలో బీఫార్మసీ, ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేసే పిల్లలు చాలామంది ‘ఆల్కలాయిడ్లు ++, ఫ్లేవనాయిడ్లు +’ అని రసాయన కుటుంబాల పేర్లతో ఒక పట్టిక వేసి అక్కడితో ఆపేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అసలు పని మొదలయ్యేదే అక్కడ.

మొదటి అడుగు: సరైన మొక్క

అడవి మొక్క అయితే పువ్వుతో ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి, హెర్బేరియం నమూనా (గుర్తింపు కోసం దాచే ఎండు మొక్క) చేసి, వృక్షశాస్త్రం తెలిసినవాళ్లతో శాస్త్రీయ నామం ఖాయం చేయించుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం ఉంది, అక్కడ అడగండి. నేలఉసిరి అని తెచ్చిన కట్టలో ఫిల్లాంథస్ జాతి మొక్కలు రెండు మూడు రకాలు కలిసిపోతుంటాయి. అక్కడ పొరపాటు పడితే ఆ తర్వాత ఎంత ఖరీదైన మెషీన్ వాడినా ఉపయోగం లేదు. కంబాలకొండ అభయారణ్యం దగ్గరే కదా అని వెళ్లి కోసుకురాకండి, అటవీశాఖ అనుమతి ఉండాలి.

నేర్చుకోవడానికి మాత్రం పసుపే మంచిది. పాడేరు వైపు నుంచి వచ్చిన, పాలిష్ పట్టని కొమ్ములు తీసుకోండి. ప్యాకెట్ పొడి వద్దు, అందులో మెటానిల్ ఎల్లో లాంటి రంగు కలిపి ఉంటే మీరు మొక్కను కాకుండా కల్తీని పరీక్షిస్తారు.

రెండో అడుగు: ఆరబెట్టి, పొడి కొట్టి, రసాయనాన్ని బయటికి లాగడం

ఆకులైతే కడిగి నీడన ఆరబెట్టాలి. మన ఊరి ఉక్కపోతలో, ముఖ్యంగా వానాకాలంలో, నీడలో పెట్టిన ఆకు ఆరే లోపే బూజు పట్టేస్తుంది, ఆ బూజు తన సొంత రసాయనాలను కూడా కలుపుతుంది, కాబట్టి 40 డిగ్రీలు దాటకుండా ఓవెన్‌లో ఆరబెట్టడమే నయం. తర్వాత పొడి కొట్టి జల్లెడ పట్టండి.

20 గ్రాముల పసుపు పొడి తూచి సాక్స్‌లెట్ పరికరంలో పెట్టండి, అది సాల్వెంట్‌ను, అంటే కరిగించే ద్రవాన్ని, పొడి గుండా మళ్లీ మళ్లీ పంపుతుంది. ముందు హెక్సేన్ పోయాలి. నూనెలు, కొవ్వులు అందులోకి వచ్చేస్తాయి, కర్కుమిన్ దాదాపు కదలదు. ఆ పొడినే ఆరబెట్టి ఈసారి మెథనాల్‌తో నడపండి, చిక్కటి నారింజ రంగు ద్రవం దిగుతుంది. ఇలా నూనెకు దగ్గరగా ఉండే సాల్వెంట్‌తో మొదలుపెట్టి నీటికి దగ్గరగా ఉండే సాల్వెంట్ వైపు పోతే సగం విభజన ఇక్కడే అయిపోతుంది. రోటరీ ఎవాపరేటర్‌లో (తక్కువ ఒత్తిడిలో సాల్వెంట్‌ను ఆవిరి చేసే పరికరం), నీటి తొట్టి 40 డిగ్రీలు ఉంచి, సాల్వెంట్ లాగేసి మిగిలినదాన్ని, అంటే ఎక్స్‌ట్రాక్ట్‌ను, తూచండి. 2 గ్రాములు వస్తే దిగుబడి 10 శాతం. కర్కుమిన్‌కు వెలుతురు పడదు కాబట్టి ముదురు గోధుమ రంగు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. హెక్సేన్‌కు నిప్పు చాలా తొందరగా అంటుకుంటుంది, ఈ పని ఇంట్లో చేయకండి.

మూడో అడుగు: రంగు పరీక్షలు

ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే నీలం నలుపో, ఆకుపచ్చో వస్తే ఫినాలిక్ పదార్థాలు. డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణంతో నారింజ అవక్షేపం వస్తే ఆల్కలాయిడ్లు. నీళ్లలో కలిపి బాగా కుదిపితే నురగ 10, 15 నిమిషాలు నిలబడితే సాపోనిన్లు. మెగ్నీషియం ముక్క, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే గులాబీ రంగు రావడం షినోడా పరీక్ష, అది ఫ్లేవనాయిడ్లకు.

ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. ఇవి ఎక్కడ మోసం చేస్తాయో తెలియడం ముఖ్యం. ప్రోటీన్లు ఉన్నా డ్రాగెన్‌డార్ఫ్‌కు అవక్షేపం రావచ్చు. ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌లో లీబర్‌మన్ బుర్షార్డ్ పరీక్ష చేసి ఆకుపచ్చ వచ్చింది కాబట్టి స్టెరాయిడ్లు ఉన్నాయని రాస్తారు, ఆ పచ్చదనం పత్రహరితానిది కావచ్చు. పసుపుకు షినోడా చేస్తే ఇంకా చిక్కు, గాఢ ఆమ్లంలో కర్కుమిన్ తనంతట తానే ఎర్రబడుతుంది. అందుకే ప్రతి పరీక్షకూ మూడు గొట్టాలు పెట్టండి: ఎక్స్‌ట్రాక్ట్ లేకుండా ఒకటి, ఉందని ముందే తెలిసిన పదార్థంతో ఒకటి, మీ నమూనాతో ఒకటి. షినోడాకు నాలుగోది కూడా కావాలి, మెగ్నీషియం వేయకుండా ఆమ్లం మాత్రమే వేసినది. ఆల్కలాయిడ్ల కోసం మేయర్ ద్రావణం వాడితే సింక్‌లో పారబోయకండి, అందులో పాదరసం ఉంటుంది.

నాలుగో అడుగు: టీఎల్‌సీ

టీఎల్‌సీ అంటే థిన్ లేయర్ క్రోమటోగ్రఫీ, పలచటి పొర మీద పదార్థాలను విడదీయడం. తక్కువ ఖర్చులో ఎక్కువ చెప్పేది ఇదే, దీని మీద సమయం పెట్టండి. సిలికా జెల్ ప్లేట్ మీద అడుగు నుంచి 1 సెంటీమీటరు పైన పెన్సిల్‌తో గీత గీయండి, పెన్నుతో గీస్తే ఇంకు కూడా పైకి పాకుతుంది. సన్నటి కేపిల్లరీతో ఒక చోట మీ ఎక్స్‌ట్రాక్ట్, పక్కన కొన్న కర్కుమిన్ స్టాండర్డ్ (పోల్చడానికి వాడే శుద్ధ పదార్థం), మూడో చోట రెండూ ఒకదాని మీద ఒకటి చుక్క పెట్టండి. చుక్క చిన్నగా ఉండాలి. క్లోరోఫామ్ 95 పాళ్లు, మెథనాల్ 5 పాళ్లు కలిపి గాజు పాత్రలో గీత కంటే కిందికి ఉండేలా పోసి, మూతపెట్టి కాసేపు ఆవిరి నిండనిచ్చి, అప్పుడు ప్లేట్ నిలబెట్టండి. ఇదంతా ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే.

సాల్వెంట్ పైకి పాకాక మూడు పసుపు చుక్కలు విడిగా కనిపిస్తాయి. అన్నిటికంటే పైన ఉండేది కర్కుమిన్, దాని కింద డీమెథాక్సీ, అడుగున బిస్‌డీమెథాక్సీ. చుక్క వెళ్లిన దూరాన్ని సాల్వెంట్ వెళ్లిన దూరంతో భాగిస్తే ఆర్‌ఎఫ్ విలువ. పరిశోధన పేపర్లో ఇచ్చిన ఆర్‌ఎఫ్‌తో మీది కలవలేదని టెన్షన్ పడకండి. సిలికా గాలిలోని తేమను పీల్చుకుంటే విలువ జరుగుతుంది, సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఆ తేమకు కొదవ లేదు. ప్లేట్‌ను 105 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేసి వాడండి, స్టాండర్డ్‌ను ఎప్పుడూ అదే ప్లేట్ మీద నడపండి. రెండూ కలిపి పెట్టిన చోట కర్కుమిన్ చుక్క రెండుగా చీలకుండా ఒక్కటిగా వస్తే నమ్మకం పెరుగుతుంది. రంగులేని పదార్థాల కోసం 254, 366 నానోమీటర్ల యూవీ దీపం కింద చూసి, తర్వాత అనిసాల్డిహైడ్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడి చేయండి.

ఐదో అడుగు: మెషీన్లు

హెచ్‌పీఎల్‌సీకి (ఒత్తిడితో ద్రవాన్ని కాలమ్ గుండా పంపి పదార్థాలను విడదీసే మెషీన్) పంపేముందు నమూనాను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి. సీ18 కాలమ్ (నూనె స్వభావం ఉన్న పదార్థం నింపిన గొట్టం) పెట్టి, అసిటోనైట్రైల్, కొద్దిగా ఆమ్లం కలిపిన నీళ్లు నడిపి, 425 నానోమీటర్ల కాంతి దగ్గర చూడండి. ఇక్కడ వరుస తిరగబడి బిస్‌డీమెథాక్సీ ముందు, కర్కుమిన్ చివర వస్తాయి. టీఎల్‌సీలోనూ ఇందులోనూ స్టాండర్డ్‌తో కలిస్తే అవి రెండు వేర్వేరు సాక్ష్యాలు, ఎందుకంటే రెండింటి విభజన సూత్రాలు వేరు.

మాస్ స్పెక్ట్రమ్‌లో (అణువుల బరువు చూపే గ్రాఫ్) పాజిటివ్ మోడ్‌లో, అంటే ప్రతి అణువుకూ ఒక ప్రోటాన్ చేర్చి, చూస్తే 369, 339, 309 దగ్గర ఆ మూడు పదార్థాల శిఖరాలు కనిపిస్తాయి. ఒక్కొక్కదానికీ 30 తేడా. ఒక మెథాక్సీ గుంపు పోయి ఆ చోట హైడ్రోజన్ వస్తే తగ్గే బరువు సరిగ్గా అంతే. ఆ పేర్లలో ‘డీమెథాక్సీ’ ఎందుకుందో ఆ అంకెలు చూస్తేనే తెలిసిపోతుంది, నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

రెండో అడుగులో వచ్చిన హెక్సేన్ భాగాన్ని, ఆవిరయ్యే పదార్థాలను విడదీసి బరువు చూపే జీసీ‌ఎంఎస్‌కు ఇవ్వండి, 216 బరువున్న ఆర్-టర్మెరోన్ లాంటివి అందులో దొరుకుతాయి. కంప్యూటర్ లైబ్రరీ ప్రతి శిఖరానికీ ఏదో ఒక పేరు ఇచ్చేస్తుంది, అదంతా కాపీ కొట్టి 40 పేర్ల పట్టిక వేయకండి. ఆల్కేన్ల వరుసను అదే కాలమ్‌లో నడిపి రిటెన్షన్ ఇండెక్స్ (పదార్థం బయటికి వచ్చే సమయాన్ని ఆల్కేన్లతో పోల్చిన అంకె) లెక్కకట్టి, అది కూడా కలిసిన పేర్లే ఉంచండి.

స్టాండర్డ్ దొరకని పదార్థమైతే కాలమ్‌లో శుద్ధి చేసి, అణువులో హైడ్రోజన్లు ఎలా ఉన్నాయో చూపే ఎన్‌ఎంఆర్‌కు పంపాలి. కర్కుమిన్‌లో రెండు మెథాక్సీ గుంపులు కలిసి 3.8 పీపీఎం (శిఖరం ఎక్కడుందో చెప్పే కొలత) దగ్గర ఆరు హైడ్రోజన్ల ఒంటరి శిఖరం ఇస్తాయి. అంతవరకు వెళ్లలేకపోతే రిపోర్టులో ‘బహుశా’ అని రాయండి, స్టాండర్డ్‌తో పోల్చారా, లైబ్రరీతో మాత్రమే పోల్చారా అన్నది ప్రతి పేరు పక్కనా ఒక గడిలో పెట్టండి.