పాత మోటార్‌హోమ్‌కి కరెంటు వైపర్లు: నా అనుభవం

టెక్సాస్‌లో మేం కొన్న 1960ల నాటి మోటార్‌హోమ్‌లో (లోపలే ఇల్లులా ఉండే బండి) వాక్యూమ్ వైపర్లు, అంటే ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వాక్యూమ్‌తో కదిలేవి, ఉండేవి. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్‌లో వాక్యూమ్ పడిపోయి, జోరు వానలో వైపర్లు ఆగిపోయేవి. వెనక పిల్లలుంటే ఎంత టెన్షనో! అందుకే 12 వోల్టుల మోటారు బిగించాను.

మొదట అది ఈడ్చుకుంటూ తిరిగింది. మోటారు పాడైందనుకున్నాను. కానీ బాడీ ఫైబర్‌గ్లాస్, దాని ద్వారా ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) అందదు కదా. మోటారు నుంచి ఛాసిస్‌కి (బండి కింది ఇనుప చట్రం) విడిగా వైరు లాగి, అక్కడ పెయింటు గీకి బిగించాక వేగం వచ్చింది.

బ్లేడ్లను పట్టుకునే ఆర్మ్‌లు పెట్టే ముందు మోటారును ఒకసారి తిప్పి, స్విచ్ ఆపి, పార్క్ స్థానంలో (వైపర్లు ఆపినప్పుడు నిలిచే చోట) ఆగనివ్వాలి. తర్వాతే నట్టు బిగించాలి. అద్దం తడిపి చూడండి. తడి మీద బ్లేడు ఇంకాస్త దూరం పోతుంది. నాది పక్క ఫ్రేముకు కొట్టుకుంది. ఆర్మ్‌ని షాఫ్ట్ మీద ఒక్క గాడి వెనక్కి జరిపితే సరిపోయింది.