రేసు బోటు సెటప్: ఇంజన్ కంటే ముందు బోటు అడుగుభాగం చూడండి

పెట్రోలు ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే చిన్న) బోటు రేసుల్లోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదట అడిగేది ఇంజన్ గురించే. జెనోవా జీ260 మామూలుది కొనాలా, పోర్టింగ్ చేసింది, అంటే లోపలి గాలి దారులు అరగదీసి పెంచింది కొనాలా, పొగ పైపు ఏది పెట్టాలి అని. డల్లాస్‌లో మా చెరువు గట్టు మీద ఎవరు అడిగినా నేను ముందు బోటుని బోర్లా తిప్పమంటాను. ఆ 25.4 సీసీ ఇంజన్ అందరి దగ్గరా ఉండేదే. అడుగు సరిగ్గా లేని బోటుకి ఎంత ఇంజన్ పెట్టినా ఆ శక్తి నీళ్లలోకే పోతుంది.

ఇక్కడ చెప్పేదంతా 48 అంగుళాల ఫైబర్‌గ్లాస్ డీప్ వీ హల్‌కి, అంటే అడుగు లోతైన వీ ఆకారంలో ఉండే బోటు ఒంటికి. క్యాటమరాన్, హైడ్రోప్లేన్ రకం బోట్ల లెక్కలు వేరు.

హల్‌ని మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టి, వెనక పలక నుంచి ముందుకి, కీల్‌కి (అడుగు మధ్య వెన్నుకి) సమాంతరంగా పొడవాటి స్టీల్ స్కేలు ఆనించండి. అవతలి వైపు టార్చి వేయండి. స్కేలు కింద మధ్యలో వెలుతురు కనిపించి, వెనక అంచు స్కేలుకి తగులుతుంటే అడుగు లోపలికి వంగిందన్నమాట. దీన్ని హుక్ అంటారు. అది వెనక భాగాన్ని పైకి లేపి ముక్కుని నీళ్లకి అదుముతుంది, బోటు విడివడి పరిగెత్తదు. స్కేలు మధ్యలో ఆని, వెనక అంచు దగ్గర వెలుతురు వస్తే అది రాకర్. అలాంటి బోటు వేగం అందుకోగానే ముక్కు ఎగరేసుకుంటూ పోతుంది. ఆ ఎగురుడు చూసి చాలామంది బరువులు జరపడం మొదలుపెడతారు. జబ్బు బరువులో లేదు, అడుగులో ఉంది.

రెండింటికీ వైద్యం ఒకటే. పల్లం ఉన్నచోట ఎపాక్సీ పుట్టీ పట్టించి, నిటారైన చెక్క దిమ్మెకి సాండ్ పేపర్ చుట్టి రుద్దాలి. చేత్తో పట్టుకుని రుద్దితే వేళ్ల కింద కొత్త గుంటలు పడతాయి.

తర్వాత అంచులు. అచ్చులోంచి వచ్చిన హల్‌కి వెనక పలక అంచు, పక్క చైన్‌లు (అడుగూ పక్క గోడా కలిసే అంచులు), స్ట్రేక్‌లు (అడుగు మీద పొడవునా ఉండే గట్లు) కొద్దిగా గుండ్రంగా ఉంటాయి. గుండ్రటి అంచుని నీళ్లు వదలవు, దాన్ని పట్టుకుని పైకి పాకి బోటుని వెనక్కి లాగుతాయి. వెనక పలకకి ప్యాకింగ్ టేపు అంటించండి. అది అడుగు అంచు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. ఆ మూలలో చిక్కటి ఎపాక్సీ నింపి, మర్నాడు టేపు లాగేసి, దిమ్మెతో అడుగుకి సమానంగా రుద్దితే అంచు పదునుగా తేలుతుంది. ఈ ఒక్క పనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. నాకు మొత్తం సెటప్‌లో బాగా ఇష్టమైన పని ఇదే.

ఇక బరువు. లోపల సామానంతా అమర్చి, ట్యాంకు ఖాళీగా ఉంచి తూచాలి. సమతూక బిందువు వెనక పలక నుంచి హల్ పొడవులో 30 శాతం దగ్గర ఉండాలి, అంటే 48 అంగుళాలకి 14.4. వెనక బయటికి ఉండే స్ట్రట్ (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని పట్టుకునే కాలు), రడ్డర్ (చుక్కాని) పొడవు ఇందులో కలపకండి. ట్యాంకుని వీలైనంత ఆ బిందువు దగ్గరే పెట్టండి, పెట్రోలు తగ్గేకొద్దీ తూకం మారకుండా ఉంటుంది. ఖాళీ మూలల్లో ఫోమ్ కుక్కడం మర్చిపోకండి. బోల్తా పడితే ఇంజన్ బరువుకి బోటు నేరుగా అడుక్కి పోతుంది.

స్ట్రట్ ఎత్తు: షాఫ్ట్ మధ్య గీత కీల్ అడుగుతో సమానంగా, కోణం సున్నా. మొదలు ఇక్కడి నుంచే. స్ట్రట్ దించితే వెనక లేచి ముక్కు దిగుతుంది, ఎత్తితే ముక్కు తేలికపడుతుంది. ఒకసారికి ఒక్క మిల్లీమీటరే మార్చండి, ఆ రన్‌లో ఇంకేమీ ముట్టుకోవద్దు.

ఇంజన్ నుంచి ప్రొపెల్లర్‌ని తిప్పే పావు అంగుళం ఫ్లెక్స్ కేబుల్ (వంగే తీగల షాఫ్ట్) లోడు పడగానే మెలితిరిగి కాస్త పొట్టిదవుతుంది. అందుకే డ్రైవ్ డాగ్‌కీ (ప్రొపెల్లర్‌ని పట్టి తిప్పే బిళ్లకీ) స్ట్రట్‌కీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. వదలకపోతే ఫుల్ థ్రాటిల్‌లో డాగ్ వచ్చి స్ట్రట్‌ని ఒరుసుకుంటుంది.

ప్రొపెల్లర్ ఆక్టురా ఎక్స్470 అంటే 70 మిల్లీమీటర్ల వ్యాసం, పిచ్ (ఒక చుట్టుకి ముందుకి పోవాల్సిన దూరం) దానికి 1.4 రెట్లు. పదును పెట్టి, బ్యాలెన్స్ చేసి వాడాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను: ఇవి బెరీలియం కాపర్‌తో చేసినవి, ఆ పొడి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. తడిపి మాత్రమే రుద్దండి, మంచి మాస్కు పెట్టుకోండి, ఇంట్లో పిల్లలు తిరిగే చోట ఈ పని వద్దు.

అమెరికాలో నాంబా, ఇంప్‌బా అనే రెండు మోడల్ బోటు సంఘాల ఓవల్ రేసుల్లోనూ బోట్లు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి, అంటే మలుపులన్నీ కుడికే. ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే ఎడమకి తిరిగేది కాబట్టి హల్ కుడి పక్కకి ఒరుగుతుంది. వెనక పలక దగ్గరి కుడి ట్రిమ్ ట్యాబ్‌ని (చిన్న రేకుని) ఒక వెంట్రుక మందం దించండి. రేడియో బాక్సుని ఎడమవైపు పెడితే ఇంకా నయం.

నీళ్లలో దించే ముందు, ఇంజన్ ఆపి ఉంచి ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయండి. సర్వో (రేడియో చెప్పినట్టు కదిలే చిన్న మోటారు) థ్రాటిల్‌ని పూర్తిగా మూసేయాలి. మూయకపోతే ఆ రోజు బోటు గట్టు దిగకూడదు, ఎవరెంత తొందరపెట్టినా సరే. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ 25కి 1, అంటే ఐదు లీటర్లకి 200 మిల్లీలీటర్లు. మొదటి రౌండ్లు సగం థ్రాటిల్‌లో తిప్పి, పక్కన కూలింగ్ నీళ్లు ధారగా వస్తున్నాయో లేదో చూడండి.

సాయంత్రం ఇంటికొచ్చాక కేబుల్ బయటికి లాగి తుడిచి, మెరైన్ గ్రీజు పట్టించి పెట్టండి. తీగలు ఎక్కడైనా విడినట్టు కనిపిస్తే అది ఇంకో రేసుకి పనికిరాదు, మార్చేయండి.