పల్లె పిల్లలకు ఆరోగ్యపు అలవాట్లు – 3వ పాఠం: తొక్కుడు కుళాయి

పిల్లలు చేతులు ఎప్పుడు కడుక్కుంటున్నారో, ఎప్పుడు మానేస్తున్నారో ఒక రోజంతా గమనించి రాసుకోమని కిందటి పాఠంలో చెప్పాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, ఏదైనా తినే ముందు – ఈ రెండు వేళల దగ్గర ఖాళీలు ఎక్కువగా ఉంటే పిల్లలను కోప్పడకండి. ఆ సమయంలో వాళ్లు నిలబడ్డ చోటికి నీళ్లు, సబ్బు ఎంత దూరంలో ఉన్నాయో అడుగులేసి కొలవండి.

చేతులు ఎందుకు కడుక్కోవాలని అడిగితే ఏ పిల్లవాడైనా తడుముకోకుండా చెబుతాడు. తెలిసినా చేయకపోవడానికి చాలాసార్లు దూరమే కారణం. బంగ్లాదేశ్‌లోని రెండు ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. అక్కడ చేతులు కడుక్కునే చోటు కట్టి, మరుగుదొడ్డి నుంచి అక్కడి దాకా బాట వేసి, దాని మీద రంగులతో పాదముద్రలు గీశారు. ఆరోగ్య పాఠాలేవీ చెప్పలేదు. మరుగుదొడ్డి వాడాక సబ్బుతో చేతులు కడుక్కోవడం 4 శాతం నుంచి 74 శాతానికి పెరిగింది, ఆరు వారాల తర్వాత కూడా అలాగే నిలిచింది. నా పాఠాలన్నిటిలో ముందు చోటు, తర్వాతే మాట అని పట్టుబట్టడం ఇందుకే.

ఇక తొక్కుడు కుళాయి, అంటే చేత్తో ముట్టుకోకుండా కాలితో తొక్కితే నీళ్లు పడే కుళాయి, కట్టే పని మొదలుపెడదాం. పిల్లలతో కలిసే చేయండి, తమ చేతులతో కట్టినదాన్ని వాళ్లే కాపాడుకుంటారు. రెండు పంగల కర్రలను రెండడుగుల ఎడంతో గట్టిగా పాతండి. పిడి ఉన్న అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, మూతికి సుమారు 12 సెంటీమీటర్ల కింద, పిడికి ఎదురు వైపున, కాల్చిన మేకుతో చిన్న రంధ్రం చేయండి. ఇది పెద్దవాళ్లే చేయాలి, మేకును పట్టకారుతో పట్టుకోవాలి. అడ్డకర్రను పిడిలోంచి దూర్చి పంగల మీద పెట్టండి. మూతకు బెజ్జం చేసి తాడు దూర్చి, లోపలి వైపు చిన్న పుల్ల కట్టి జారకుండా ఆపండి. తాడు రెండో కొసను నేల మీది తొక్కుడు కర్రకు కట్టండి. రంధ్రానికి కొంచెం కింది దాకా నీళ్లు పోయండి. కాలితో తొక్కితే డబ్బా వంగి సన్నని ధార పడుతుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. మురికి చేత్తో దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. ఈ ఏర్పాటులోని అసలు గొప్పతనం అదే. ఎత్తు మాత్రం అందరికన్నా చిన్న పిల్లకు అందేలా చూసుకోండి. పక్కనే తాడుకు సబ్బు వేలాడదీయండి, నీళ్లు పడే చోట గులకరాళ్లు పరచండి.

కడుక్కునే తీరు చూపించడానికి ఒక ప్రయోగం ఉంది. ఇద్దరు పిల్లల అరచేతులకు నూనె రాసి, పైన బొగ్గుపొడి చల్లి రుద్దమనండి. ఒకరు ఉత్త నీళ్లతో, ఇంకొకరు సబ్బుతో కడుక్కోవాలి. ఉత్త నీళ్లు నూనె మీద జారిపోతాయి, నలుపు వదలదు. సబ్బు అణువుకు ఒక కొస నూనెను, మరో కొస నీటిని పట్టుకుంటుంది కాబట్టి నూనెతో పాటు మురికీ కొట్టుకుపోతుంది. సబ్బు వాడిన చేతులను కూడా దగ్గరగా చూడమనండి. బొటనవేలి మొదట్లో, వేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల్లో నల్లని గీతలు మిగిలి ఉంటాయి. రోజూ ఎక్కడ రుద్దడం మర్చిపోతున్నారో ఆ గీతలే చూపిస్తాయి. 20 సెకన్లు రుద్దాలి. గడియారం అక్కర్లేదు, అంతసేపు పట్టే పాట ఏదైనా పాడుకుంటే చాలు. అందరూ ఒకే గుడ్డకు తుడుచుకోవద్దు, చేతులు గాలికి ఆరనివ్వండి.

చాలాచోట్ల కుళాయి విరిగి మూలపడదు, నీళ్లు పోసేవారు లేక ఎండిపోతుంది. అందుకే ఈ వారం సాధన ఇది: నీళ్లు నింపడం, సబ్బు చూసుకోవడం రోజుకొక జంట పిల్లలకు అప్పగించండి. వారం చివర మళ్లీ ఒక రోజు గమనించి, పాత కాగితం పక్కనే కొత్త లెక్క రాయండి. వచ్చే పాఠంలో ఆ రెండు లెక్కలనూ ముందు పెట్టుకునే మాట్లాడుకుందాం.