తుపానుల నెలలో డీఫ్రాగ్ కొట్టించే ముందు

దసరా దగ్గర పడితే విజయనగరంలోని మా సర్వీసింగ్ షాపులో సీపీయూలు వరసకడతాయి. దుమ్ము దులిపించుకుని, బొట్టు పెట్టి పూజలో ఉంచడానికి. తెచ్చినవాళ్లలో సగం మందిది ఒకటే మాట: "గురువుగారూ, పనిలో పనిగా డీఫ్రాగ్ కూడా కొట్టీండి, స్పీడవుద్ది." డీఫ్రాగంటే డిస్కులో చెల్లాచెదురైన ఫైలు ముక్కల్ని ఒకచోటికి సర్దడం.

అక్టోబరంటే మనకు పండగే కాదు, గాలివాన కూడా. 2014లో హుద్‌హుద్ 12వ తేదీన, 2018లో తిత్లీ 11వ తేదీన ఈ నెలలోనే వచ్చాయి. చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇలాంటి రోజుల్లో డిస్కు మీద గంటల తరబడి నడిచే పని పెట్టేముందు కాస్త ఆలోచించాలి.

మొదట మీ సిస్టంలో ఉన్నది ఏ డిస్కో చూడండి. స్టార్ట్ మెనూలో డీఫ్రాగ్ అని వెతికితే ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో డ్రైవ్ పేరు పక్కనే హార్డ్ డిస్కా, సాలిడ్ స్టేటా అన్నది రాసి ఉంటుంది. సాలిడ్ స్టేట్ అయితే డీఫ్రాగ్ మాట మరిచిపోండి. అందులో తిరిగే పళ్లెం లేదు, ఫైలు ముక్కలు ఎక్కడున్నా దాదాపు ఒకే వేగంతో చదువుతుంది. పైగా రాసిన కొద్దీ దాని ఆయుష్షు తరుగుతుంది. బయటి సాఫ్ట్‌వేర్ తెచ్చి వారం వారం దాన్ని సర్దడం అంటే చేజేతులా అరగదీయడమే.

పాత రకం హార్డ్ డిస్కు సంగతి వేరు. శ్రీకాకుళం బస్సులో ఒక కుటుంబానికి పక్కపక్క సీట్లు దొరక్క తలొక మూల కూర్చున్నారనుకోండి, కండక్టరు ఆ టికెట్ల కోసం బస్సంతా తిరగాలి. డిస్కులో చదివే ముల్లు పని కూడా అంతే. వాళ్లందరినీ ఒక్కచోట కూర్చోబెట్టడమే డీఫ్రాగ్. అయితే విండోస్ విస్టా నుంచి ఈ పని వారానికోసారి దానంతట అదే జరిగేలా పెట్టారు. మీరు చూడాల్సింది ఆ షెడ్యూల్ ఆన్‌లో ఉందా లేదా అనే. కంపెనీ వదిలేసిన పాత విండోస్ ఎక్స్‌పీ ఇంకా నడుపుతున్నవాళ్లు మాత్రం చేత్తో చేసుకోవాలి (అలాంటివాళ్లు మా బజారులో ఉన్నారు, నవ్వకండి).

ఇక అసలు భయం. డిస్కు టిక్కు టిక్కుమంటున్నా, ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతున్నా, కాపీ మధ్యలో ఆగిపోతున్నా డీఫ్రాగ్ జోలికి పోవద్దు. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒక స్టూడియో కుర్రాడు స్లో అయిపోయిందని తెచ్చిన డిస్కుకి రాత్రి డీఫ్రాగ్ పెట్టి ఇంటికెళ్లాను. పొద్దున వచ్చేసరికి డిస్కు కనబడటమే మానేసింది. అందులో సిరిమానోత్సవం వీడియోలున్నాయి. చావబోయే డిస్కుని రాత్రంతా పరుగెత్తించింది నేనే. ఆ అబ్బాయి ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పట్నుంచి ముందు కాపీ తీసుకోనిదే ఏ డిస్కుకీ డీఫ్రాగ్ పెట్టను.

డిస్కు బాగానే ఉందనుకున్నా ముందు ఆ డీఫ్రాగ్ కిటికీలో ఎనలైజ్ నొక్కి చూడండి. ముక్కల శాతం తక్కువగా ఉంటే వదిలేయండి. ఎక్కువగా ఉంటే, డిస్కులో కనీసం 15 శాతం ఖాళీ చేసుకుని, వాతావరణం తేటగా ఉన్న రోజున చేయండి. మధ్యలో కరెంటు పోయినంత మాత్రాన ఈ రోజుల్లో ఫైళ్లన్నీ పోవు, ఆ కంగారు అక్కర్లేదు. కానీ పోతూ వస్తూ ఉండే కరెంటు పాత డిస్కుకి మంచిది కాదు. బ్యాటరీ దిగిపోయిన యూపీఎస్‌ని నమ్ముకోవద్దు. అది షట్‌డౌన్ చేసుకోవడానికి నాలుగు నిమిషాలిస్తే గొప్ప.

తుపాను హెచ్చరిక వచ్చాక మాత్రం డీఫ్రాగ్ వద్దు. జీడిపప్పు లెక్కలు, పెళ్లి ఫొటోలు, ఉన్నవన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించండి. రెండు మూడు ఫైళ్లు తెరిచి చూశాక ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టండి. ఇంటి పైకప్పు రేకులదైతే డాబా ఉన్న చుట్టాలింట్లో దాచండి. సిస్టం పవర్ ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ తీగ కూడా పీకేయండి. పిడుగు దాంట్లోంచీ వస్తుంది.