పాఠం 4: రెండు షిల్లింగులు, ఒక చిక్కు

పోయిన పాఠంలో కెన్యా షిల్లింగును ఉగాండా షిల్లింగులోకి మార్చమంటే చాలామంది తలకిందులుగా భాగించారు. కాబట్టి ద్రవ్యోల్బణం సంగతి వచ్చేసారి చూద్దాం.

2024 చివరి ధరలు ఉజ్జాయింపుగా తీసుకుందాం: డాలరుకు కెన్యావి 130, ఉగాండావి 3,640. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే 28. గుణించాలా, భాగించాలా అన్న సూత్రం నేనెప్పుడూ బట్టీ పట్టను. డాలరుకు తక్కువ సంఖ్యలో వచ్చేదాని పక్కన 1 వేస్తాను, రెండోదాని పక్కన 28. సరిహద్దు పట్టణం బుసియాలో 500 కెన్యా నోటు మారిస్తే 14,000 ఉగాండా షిల్లింగులు రావాలి, మార్చేవారి లాభం పోను. మీకు 18 వచ్చిందంటే తిరగేశారన్నమాట.

అసలు చిక్కు ఇది కాదు. "కెన్యా కరెన్సీ 28 రెట్లు బలమైనది" అని ఎందరో రాశారు. దయచేసి ఆ మాట ఇక రాయకండి. 1966లో ఈ రెండూ తూర్పు ఆఫ్రికా షిల్లింగు స్థానంలో సమాన విలువతోనే మొదలయ్యాయి. తర్వాత ఉగాండాలో ధరలు విపరీతంగా పెరిగి, 1987లో నోటు మీద రెండు సున్నాలు కొట్టేశారు. అవి ఉండి ఉంటే మన 28 కాస్తా 2,800 అయ్యేది. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో వంద రెట్లు మారే సంఖ్య బలాన్ని ఎలా చెబుతుంది?

బలం చూడాలంటే కదలిక చూడండి. 2022 మొదట్లో డాలరుకు కెన్యావి సుమారు 113, ఉగాండావి 3,500. 2024 జనవరికి 160, 3,800. కెన్యా షిల్లింగు విలువలో దాదాపు 29 శాతం పోయింది (113ను 160తో భాగించి చూడండి, 47ను 113తో భాగించి 42 శాతం అనకండి). ఉగాండాకు పోయింది 8 శాతమే. అంటే "28 రెట్లు బలమైనది" అన్నదే ఎక్కువ జారింది. ఒక కెన్యా షిల్లింగుకు 31 వచ్చే చోట 24కు దిగి, ఆ ఏడాది చివరికి మళ్లీ 28 దగ్గరికి చేరింది.

అభ్యాసం: 2024 చివర్లో డాలరుకు జాంబియా క్వాచాలు సుమారు 27, మలావీ క్వాచాలు 1,734. మారకం కట్టండి. జాంబియా 2013లో మూడు సున్నాలు తీసేసింది. వాటిని తిరిగి పెట్టి మళ్లీ కట్టండి. 1 ఎవరి పక్కకు వెళ్లిందో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.